పాత స్మోక్ డిటెక్టర్లు విప్పే ముందు

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

బెంగళూరు పీణ్యాలో ఆ పాత ఆఫీసు సీలింగ్ పీకే కాంట్రాక్టు నీకొచ్చిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వైరింగు, డక్టుల పని నీకు నేను చెప్పక్కర్లేదు. స్మోక్ డిటెక్టర్ల దగ్గర మాత్రం నా మాట విను. వాటిని మిగతా తుక్కుతో కలిపి జాలీ మొహల్లా తుక్కు బజారుకి తోలెయ్యకు.

ఒక్కోదాన్ని బేసు నుంచి తిప్పి ఊడదీసి, వెనక లేబుల్ చూడు. రేడియేషన్‌ని సూచించే మూడు రెక్కల గుర్తు, పక్కన ‘ఏఎం-241’ (అంటే అమెరీషియం-241) అని ఉంటే అది అయొనైజేషన్ రకం, అంటే రేడియోధార్మిక పదార్థంతో పొగని పసిగట్టేది. లేబుల్ చిరిగి అనుమానంగా ఉంటే ఆ రకమనే అనుకో.

అందులో ఉండేది అమెరీషియం డయాక్సైడు. అమెరీషియం 1944లో సీబోర్గ్ బృందం ప్లుటోనియం నుంచి పుట్టించిన మూలకం. దాని ఆక్సైడు నల్లటి పొడి. దాన్ని బంగారంతో కలిపి, వెండి రేకు మీద అదిమి చిన్న బిళ్ళ చేస్తారు. ఇళ్ళలో వాడేవాటిలో ఉండేది సుమారు 0.3 మైక్రోగ్రామే. పాత ఫ్యాక్టరీ మోడళ్ళలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాల (ఒక రకం రేడియేషన్) వల్ల లోపలి గాలిలో సన్నటి కరెంటు పారుతుంది. పొగ చొరబడి కరెంటు తగ్గితే అలారం మోగుతుంది.

ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు. కాబట్టి సీలింగుకి ఉన్నంతకాలం భయం లేదు. బిళ్ళని గీకినా, కాల్చినా, ఆ ధూళి పీల్చినా మాత్రం ప్రమాదం. అది నీళ్ళలో సరిగా కరగదు, ఊపిరితిత్తుల్లో పడితే ఓ పట్టాన వదలదు. కొంత ఎముకల్లోకి, కాలేయంలోకి చేరుతుంది. పాతబడి సత్తువ పోయి ఉంటుందిలే అనుకోకు. అర్ధాయువు, అంటే అందులో సగం తరగడానికి పట్టే కాలం, 432 ఏళ్ళు; ముప్పై ఏళ్ళకి తగ్గేది నూటికి ఐదు పాళ్ళు కూడా ఉండదు.

నాకు అసలు బెంగ మీ కుర్రాళ్ళతోనే. లోపల బంగారం ఉందని ఎవడో చెవిలో వేస్తాడు, వీళ్ళు స్క్రూడ్రైవర్ తీస్తారు. ఆ బంగారం తూకానికి కూడా రాదని ముందే చెప్పు. 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కులో కలిసిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఒకరి ప్రాణం తీసింది. అది దీనికన్నా ఎన్నో రెట్లు బలమైనదనుకో, అయినా చేరింది తుక్కు దారిలోనే కదా.

విప్పకుండా, పగలకుండా మూతున్న డబ్బాలో పెట్టి తాళం వెయ్యి. మోడలు, సీరియల్ నంబర్లు రాసుకుని ఓనరు సంతకం తీసుకో. అమ్మిన కంపెనీకే తిరిగి ఇప్పించు. అది మూతపడి ఉంటే ఓనరు చేతనే ముంబైలోని ఏఈఆర్‌బీకి (అణుశక్తి నియంత్రణ మండలి) రాయించు, వాళ్ళు చెప్పిన చోటికే పంపు.

కొటేషన్లో ఈ పని విడిగా చూపించు. ఓనరు బేరమాడితే పెయింటింగులో తగ్గించు, ఇందులో తగ్గించకు.

మీ బాబాయి