తాతగారి ఇంటి నమూనా చేయాలంటే ముందు అమ్మని కూర్చోబెట్టండి

ఊళ్లో తాతగారి పెంకుటిల్లు అమ్మేశారని, ఫొటోలు పెద్దగా లేవని, అయినా చిన్న నమూనా చేసి అమ్మకి ఇవ్వాలనుందని రాశారు. తప్పకుండా చేయండి. కావలి దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇల్లు ఇప్పుడు లేదు. దాన్ని చెన్నైలో మా ఫ్లాట్‌లో అట్టలతో మళ్లీ కట్టుకున్నాం.

ఒక్కటి గట్టిగా చెప్తాను. అంతా పూర్తిచేసి సర్‌ప్రైజ్ ఇద్దామనుకోకండి. సగంలో ఉండగానే అమ్మ ముందు పెట్టండి. వంటింట్లో ఏముండేదని ఊరికే అడిగితే మా అమ్మ "ఏముంటుంది, పొయ్యి" అనేది. అదే, గోడలు నిలబెట్టి చూపించేసరికి "ఇక్కడ గూడు ఉండాలి, ఈ మూల ఉట్టి, ఈ గుమ్మం వంగి దాటాలి" అంటూ వేలు పెట్టి చూపించింది. ఉట్టి ఆ మూల కాదంటూ ఫోన్లో పెద్దమ్మ. పురిటిగది ఏదో, తుఫాను రాత్రి అందరూ ఎక్కడ పడుకున్నారో ఆ వాదనలోనే మొదటిసారి విన్నాం. అవన్నీ రికార్డు చేసుకోండి. నాకైతే నమూనా కంటే ఆ మాటలే విలువైనవి.

కొలతలకి అడుగుకి అర అంగుళం లెక్క సులువు. 40 అడుగుల ఇల్లు 20 అంగుళాల్లో వస్తుంది. ఎవరైనా గుమ్మంలో నిలబడ్డ పెళ్లి ఫొటో ఒకటి దొరికినా చాలు, వాళ్ల ఎత్తుని బట్టి తలుపు, తలుపుని బట్టి గోడ తేలిపోతాయి. గోడలకి 5 మి.మీ. ఫోమ్ బోర్డు వాడండి, చెన్నై తేమకి మామూలు అట్ట వంగిపోతుంది. గూన పెంకులకి మాత్రం పార్సిల్ డబ్బా అట్టే బాగుంటుంది. పైకాగితం కొద్దిగా తడిపి ఒలిస్తే లోపలి ముడతలు అచ్చం పెంకుల వరసల్లా కనిపిస్తాయి. ఆరాక రంగు వేసి, రెండు వైపులా వార్నిష్ పూయండి. కప్పు అతికించేయకండి, ఎత్తి పక్కన పెట్టేలా ఉండాలి. చూడాల్సిందంతా లోపలే కదా.

దసరాకి మేం దాన్ని బొమ్మల కొలువులో పెడతాం. పేరంటానికి వచ్చిన పెద్దవాళ్లు కప్పు ఎత్తి చూసి తమ ఊరి ఇళ్ల సంగతులు మొదలుపెడతారు.

అడుగు పలక కింద ఊరి పేరు, ఏ వివరం ఎవరు చెప్పారో పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. ఉట్టి విషయంలో అమ్మా పెద్దమ్మా ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు కాబట్టి ఇద్దరి పేర్లూ రాశాను.