జెట్ స్కీలో గరగర: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో రాత్రి నాలుగుసార్లు విన్నాను. అందులో గాలి చప్పుడే ఎక్కువ. అయినా థ్రాటిల్ నొక్కగానే వచ్చే ఆ గరగర స్పష్టంగానే వినబడింది. కింద "ఇంజిన్ పోయింది మావయ్యా, విప్పించేస్తాను" అని రాశావు. ఆ పని మాత్రం ఇప్పుడే చెయ్యకు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నాను. పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూసుకో.

ఫిషింగ్ హార్బర్‌లో ముప్పై ఏళ్లు బోటు ఇంజిన్లతో, షాఫ్టులతో గడిపినవాణ్ణి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజులూ మాకు ఊపిరాడని పని. అలాంటి ఒక వేసవిలో గరగరమంటోందని ఒక బోటు ఇంజిన్ దించేశాను. లోపల తిరిగే ఇరుసు, అదే క్రాంకు, తీసి మిషన్ షాపుకి పంపాను. పన్నెండు రోజులు పోయాయి, వాళ్ల డబ్బూ పోయింది. మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే అదే గరగర. తీరా చూస్తే ఇంజిన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్‌లోని రబ్బరు పూర్తిగా అరిగిపోయి ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. నిషేధం ఎత్తేశాక అందరి బోట్లూ వెళ్లిపోయాయి, వాళ్లది మాత్రం ఇంకో వారం ఒడ్డునే ఉంది. ఆ ఇంటి ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. అప్పటినుంచి ఏ చప్పుడైనా వెనక పంపు దగ్గర మొదలుపెట్టి ముందుకి వెతుకుతాను. ఇంజిన్ చివరిది.

నీ బండి సూపర్ జెట్, 701 సీసీ, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్. ఇంజిన్ తిప్పే తిప్పుడు కప్లింగ్ దాటి, మధ్య బేరింగ్ దాటి, షాఫ్ట్ మీదుగా వెనక పంపులో నీళ్లని తోసే రెక్కల చక్రానికి, అదే ఇంపెల్లర్‌కి, చేరుతుంది. గరగర పుట్టేది ఈ దారిలోనే ఎక్కడో. అందుకని ముందు చప్పుడు ఎప్పుడు వస్తోందో చూడు. స్టార్టర్ నొక్కిన క్షణంలో కర్రుమని ఆగిపోతే అది స్టార్టర్ పళ్ల చక్రం సంగతి, మిగతా బండి జోలికి వెళ్లనక్కర్లేదు. నీళ్లలో లోడు పడ్డప్పుడే వస్తే పంపు, కప్లింగ్ మీద అనుమానం. ఒడ్డున థ్రాటిల్ నొక్కకుండా ఐడిల్‌లో ఉన్నా లోపల్నుంచి బరువుగా గొరగొరమంటే ఇంజిన్ వైపు చెవి పెట్టాలి. నీళ్లు లేకుండా తిప్పినప్పుడు పంపు, షాఫ్ట్ కాస్త మోగుతాయి. ఆ మాత్రానికి టెన్షన్ పడకు.

ఒడ్డున తిప్పేటప్పుడు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. నీటి గొట్టం లేకుండా 15 సెకన్లు మించకూడదు. గొట్టం పెడితే ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ తర్వాతే నీళ్లు వదులు. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి ఆ తర్వాత ఇంజిన్ ఆపు. ఈ వరస తిరగేస్తే ఆగి ఉన్న ఇంజిన్‌లోకి సైలెన్సర్ దారిన నీళ్లు వెళ్తాయి. ఉప్పునీళ్లలో తిరిగే బండికి అసలే క్రాంకు బేరింగులు సున్నితం.

ఇప్పుడు వెనక్కి రా. లాన్యార్డ్, అదే పడిపోతే ఇంజిన్ ఆపే చేతి తాడు, తీసేసి, బ్యాటరీ వైరు కూడా విప్పాకే పంపులో చెయ్యి పెట్టు. బండిని పక్కకి ఒరిగించేటప్పుడు బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన వైపుకే ఒరిగించు. రెండో వైపుకి దొర్లిస్తే సైలెన్సర్‌లో మిగిలిన నీళ్లు సిలిండర్లోకి జారతాయి. టార్చ్ వేసి, పంపు నీళ్లు పీల్చే కింది జల్లెడ లోపలికి చూడు. మన రుషికొండ వైపు తెగిన వల ముక్కలు, తాళ్లు, ప్లాస్టిక్ సంచులు తేలుతూనే ఉంటాయి. సన్న నైలాన్ దారం షాఫ్ట్‌కి చుట్టుకుందంటే పైకి ఏమీ కనబడదు, వేలితో తడిమితేనే తగులుతుంది. చుట్టుకున్నది బేరింగ్ సీలు దాకా పాకి దాన్ని కోసేస్తుంది. చాకుతో నరుకుతూ కూర్చోకు, షాఫ్ట్‌ని చేత్తో వెనక్కి తిప్పుతూ పట్టకారుతో లాగు.

తర్వాత ఇంపెల్లర్ రెక్కల అంచులు చూడు. ఒక రెక్క కొంచెం వంగినా, పెచ్చు ఊడినా బ్యాలెన్స్ పోయి బండంతా వణుకుతుంది. రెక్కల చుట్టూ ఉండే వేర్ రింగ్‌లో గీతలు పడ్డాయా? ఫీలర్ గేజ్, అదే సన్న కొలత రేకులు, పెట్టి రెక్క చివరకీ రింగ్‌కీ మధ్య ఖాళీ కొలువు. ఖాళీ 0.6 మిల్లీమీటర్లు దాటిందంటే రింగ్ మార్చాల్సిందే. ఇంజిన్ కేకలు పెడుతూ బండి మాత్రం కదలకుండా జారిపోయినట్టు ఉంటే ఆ ఖాళీయే కారణం. చాలామంది దాన్నీ గరగర లెక్కలోనే వేస్తారు. నువ్వు భీమిలి వైపు లోతు లేని చోట స్టార్ట్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ ఇసకలో ఇల్మనైట్‌తో పాటు గార్నెట్ ఉంటుంది. ఇనుము మీది తుప్పును ఇసక కొట్టి గీకడానికి వాడేది ఆ గార్నెట్‌నే. అది పంపులోకి వెళ్తే రింగ్ ఏం మిగులుతుంది నాయనా? నడుము లోతు నీళ్లలోకి బండిని తోసుకెళ్లాకే స్టార్ట్ చెయ్యి.

పంపు విప్పడానికి ఒక పూట పడుతుంది, కానీ విప్పితీరాలి. విప్పాక లోపలి బేరింగులని వేళ్లతో నెమ్మదిగా తిప్పు. వెన్నలో తిరిగినట్టు తిరగాలి. ఇసక నలిగినట్టు చేతికి తగిలితే, పక్కలకి ఊగితే, చప్పుడు అక్కడిదే. గ్రీజు తెల్లగా మారిందంటే సీలు దాటి నీళ్లు వచ్చేశాయి. అప్పుడు బేరింగులు, సీళ్లు కలిపే మార్చు. పాత సీలు వాడి డబ్బు మిగిల్చినవాళ్లు రెండు నెలలకే మళ్లీ విప్పడం చూశాను. బేరింగ్ నంబరు దాని పక్కనే చెక్కి ఉంటుంది, అది చూపించి గాజువాక ఆటోనగర్‌లో అడుగు. షాఫ్ట్ పళ్లు ఇంపెల్లర్‌లో కూర్చునే చోట అరిగిపోయి వదులైనా అదే గరగర వస్తుంది. వాటినీ చూడు.

పంపూ షాఫ్టూ బయట ఉండగానే బ్యాటరీ వైరు, లాన్యార్డ్ మళ్లీ తగిలించి ఇంజిన్ ఒక్కసారి స్టార్ట్ చేసి, పది సెకన్లు విని ఆపెయ్యి. విన్నాక ఆ రెండూ మళ్లీ తీసెయ్యి. అన్నిటికన్నా ఎక్కువ సంగతి ఇక్కడే తెలుస్తుంది. గరగర పోతే దోషం వెనకది. పోకపోతే కప్లింగ్, మధ్య బేరింగ్, ఇంజిన్, ఈ మూడింటిలో ఒకటి.

కప్లింగ్ కింద చెయ్యి పెట్టి చూడు. నల్లటి రబ్బరు పొడి వేలికి అంటితే రబ్బరు అరిగిపోతోందని అర్థం. మెరిసే పొడి కనబడితే రబ్బరు దాటి లోహాలు రాసుకుంటున్నాయి. రబ్బరు మార్చేసి చేతులు దులిపేసుకోకు, ఎందుకు అరిగిందో చూడు. కప్లింగ్ రెండు ముక్కల మీదా స్టీలు స్కేలు ఆనించి, పైనా పక్కనా వెలుతురు కనబడుతోందేమో చూడు. కనబడిందంటే ఇంజిన్ ఒక పక్కకి కుంగింది. ఇంజిన్ కూర్చునే నాలుగు మౌంట్ల రబ్బర్లలో ఒకటి చీలి ఉంటుంది. మౌంట్ మార్చి, కింద రేకులు పెట్టి లెవెల్ సరిచెయ్యకపోతే కొత్త రబ్బరు కూడా నెలరోజుల్లో పొడైపోతుంది. ఇంకో కారణం నీ స్వారీయే. అల మీద నుంచి బండి గాల్లోకి లేచినప్పుడు థ్రాటిల్ అలాగే నొక్కి ఉంచుతున్నావు, వీడియోలో కనబడింది. గాల్లో ఇంపెల్లర్‌కి పని లేక ఇంజిన్ ఒక్కసారిగా పరుగెడుతుంది. మళ్లీ నీళ్లు తగలగానే ఆ దెబ్బంతా కప్లింగ్ రబ్బరే తింటుంది. లేచిన క్షణంలో వేలు వదులు.

మధ్య బేరింగ్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బండి లోపల నీళ్లు చేరుతున్నా, అక్కడ తుప్పు నీరు కారిన మరక ఉన్నా దాన్నే అనుమానించు. గ్రీజు నిపుల్‌లో మెరైన్ గ్రీజు కొట్టు. అప్పటికీ గరుకుగా తిరిగితే మార్చు.

వణుకు ఉండి గరగర లేకపోతే ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి చూడు. ఒకటి తడిగా, నల్లగా, రెండోది పొడిగా ఉంటే బండి ఒక సిలిండర్ మీదే నడుస్తోంది. కింది ప్లేటు బోల్టులు, జల్లెడ బోల్టులు, హ్యాండిల్ కర్ర మూలం వదులయ్యాయేమో స్పానర్‌తో ఒకసారి చూడు.

ఇవన్నీ అయ్యాక కూడా చప్పుడు ఇంజిన్‌లోదే అనిపిస్తే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ కేసుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విను. క్రాంకు బేరింగ్ పోతే ఆ గొరగొర చెవి ఎముకలోకి దిగుతుంది, పొరపాటు పడవు. ప్లగ్గులు తీసి కప్లింగ్ పట్టుకుని పైకీ కిందకీ ఊపు. వదులుగా ఊగితే ఇక నడపకు. అప్పుడు ఇంజిన్ విప్పుదాం, ఇద్దరం కలిసే విప్పుదాం.

సరిచేసినాక మొదటిసారి నీళ్లలోకి దిగే రోజు లైఫ్ జాకెట్ వేసుకుని, లాన్యార్డ్ చేతికి కట్టుకుని, ఈదుకుంటూ వెనక్కి రాగలిగినంత దూరమే వెళ్లు. ఒడ్డున ఒక ఫ్రెండుని నిలబెట్టు. అలలు విరిగే చోట ఇంజిన్ ఆగిపోతే బండి నీ మీదకే దొర్లుకొస్తుంది. మీ అమ్మ నా చిన్న చెల్లెలు. నువ్వు సాయంత్రం అయిదింటికి రాకపోతే ఆరింటికి నాకు ఫోన్ చేసేది ఆవిడే.

ఆదివారం పొద్దున్నే పంపు విప్పి, గోనెసంచిలో చుట్టి మా ఇంటికి తీసుకురా. బోల్టులు ఏ చోటివి ఆ చోటివిగా వేర్వేరు డబ్బాల్లో వేసి తీసుకురా. బేరింగ్ లాగే పుల్లర్ నా దగ్గరుంది. అత్తయ్య చేపల పులుసు పెడతానంది.

నీ మావయ్య