పరీక్షకి మూడు రోజుల ముందు మానకండి, నేను మానాను

మీ ప్రశ్న ఇది: "బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. రోజుకి ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తాను. ఇప్పుడు మానేస్తే మంచిదా, లేక పరీక్ష రోజు కూడా మామూలుగా కాల్చి వెళ్లాలా? మాది రాయగడ."

రాయగడ అని చూసి ఆగాను. మాది పర్లాకిమిడి. మీలాగే ఒడిశాలో పుట్టిన తెలుగోణ్ణి, మీలాగే రోజుకి ఎనిమిది కాల్చినవాణ్ణి, అదే పరీక్ష రెండుసార్లు రాసినవాణ్ణి. ఈ విషయంలో నాకంటే అర్హత ఉన్నవాడు కోరాపుట్ నుంచి గంజాం దాకా ఎవడూ ఉండడని నా గట్టి నమ్మకం.

ముందు జవాబు చెప్పేస్తాను. మీకున్నవి రెండే రోజులు. ఒకటి ఇవాళ, రెండోది పరీక్ష రాసి బయటికొచ్చిన సాయంత్రం. మానితే ఈ రాత్రి మానండి. మీవల్ల కాదనిపిస్తే పరీక్ష అయ్యేదాకా ఆ ఊసెత్తకండి. మధ్యలో ఏదో ఒక మంచిరోజు చూసుకుని మానారా, నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

నాకేం జరిగిందంటే.

2017 నవంబరు 26, ఆదివారం. మెయిన్స్. సెంటరు భువనేశ్వర్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. ప్రిలిమ్స్ గట్టెక్కానన్న సంబరంలో ఇంట్లో అందరూ నన్ను అప్పుడే ఆఫీసర్ని చేసేశారు. గురువారం పొద్దున్న అమ్మ నన్ను పాతపట్నం తీసుకెళ్లింది. మా ఊరి పొలిమేర దాటితే పాతపట్నమే, అంటే ఆంధ్ర. నీలమణి దుర్గమ్మ గుడిలో అమ్మ కొబ్బరికాయ కొట్టించి నా వైపు చూసింది. మాటేమీ అనలేదు. ఆ చూపుకే నేను, "అమ్మవారి మీద ఒట్టు, ఇంక సిగరెట్ ముట్టను" అనేశాను. చొక్కా జేబులో మిగిలిన మూడింటినీ గుడి బయట బడ్డీవాడికి తిరిగిచ్చేస్తే వాడు డబ్బులివ్వలేదు, రెండు చాక్లెట్లు చేతిలో పెట్టాడు.

గురువారం పొద్దున్న మానానా. శుక్ర, శని, ఆది. లెక్క చూసుకోండి. నికోటిన్ ఒంట్లోంచి చాలా త్వరగా పోతుంది, రెండు గంటలకోసారి సగం అవుతుంది. కానీ అది పోవడం వేరు, అది లేదని ఒళ్లు గోల చేయడం వేరు. ఆ గోల మొదటిరోజే మొదలై, రెండో మూడో రోజుకి తారస్థాయికి వెళ్లి, ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా సద్దుమణుగుతుంది. అంటే నేను ముహూర్తం పెట్టించుకున్నట్టు, సరిగ్గా గోల నెత్తికెక్కిన రోజునే పరీక్ష హాల్లో కూర్చున్నాను. అమ్మవారి తప్పేం లేదు, కేలెండరు చూసుకోని నాదే తప్పు.

శనివారం సాయంత్రం బయల్దేరుతుంటే నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆవిడది అడ్డపొగ. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, చుట్ట ముట్టించి, మండే కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం వైపు ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. నా మొహం చూసి, "ఏట్రా, సావింటికెల్తన్నట్టు ఆ మొకమేట్రా? ఓ దమ్ము లాగీసి ఎల్లు" అంది. మా ఇంట్లో నన్ను సిగరెట్ మానమని గట్టిగా అనలేకపోవడానికి కారణం ఆవిడే. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఆవిడ అంగిలి చూసి టార్చిలైటు ఆపడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు. ఆ నిప్పు అంగిలికి ఏం చేస్తుందో ఆ రోజు చూశాను. అయినా బయటికొచ్చి నేను చేసిన మొదటి పని సిగరెట్ వెలిగించడం. ఏం చెప్పమంటారు.

సరే, పలాస దాకా బస్సు, అక్కణ్ణుంచి రాత్రి రైలు. సిగరెట్ లేదు కదా, చేతికీ నోటికీ ఏదో పని కావాలి. పలాసలో ఒక కాఫీ, బరంపురంలో ఒకటి, ఖుర్దారోడ్‌లో ఒకటి, భువనేశ్వర్‌లో దిగాక ఇంకోటి. మామూలు రోజుల్లో నాలుగు కాఫీలు నాకు లెక్కే కాదు. ఆ రాత్రి మాత్రం గుండె ఇంజను పక్కన పడుకున్నట్టు కొట్టుకుంది. కన్ను మూతపడలేదు. పరీక్ష టెన్షన్ అనుకున్నాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. సిగరెట్ పొగలో ఉండే కొన్ని పదార్థాలు లివర్‌ని ఉరుకులు పెట్టిస్తుంటాయి, అందుకని కాల్చేవాళ్ల ఒంట్లో కాఫీ త్వరగా అరిగిపోతుంది. పొగ ఆగిన కొద్దిరోజులకే ఆ వేగం పడిపోతుంది. అదే కాఫీ దాదాపు రెట్టింపు సేపు ఒంట్లో కూర్చుంటుంది. ఇది నికోటిన్ వల్ల కాదు, పొగ వల్ల. కాబట్టి నికోటిన్ గమ్ నమిలినా ఇదే లెక్క. సిగరెట్ మానేవాడు కాఫీ సగానికి తగ్గించాలని మన దగ్గర ఎవరైనా చెబుతారా? "మానేశావా, శభాష్, ఇంద కాఫీ తాగు" అంటారు.

పొద్దున్న స్టేషనుకి మా బావ బండి మీద వచ్చాడు. మా మేనమామ కొడుకు, అక్కడే ఏదో కంపెనీలో చేసేవాడు. నా చేతులు చూశాడు, వణుకుతున్నాయి. సెంటరు దగ్గర బడ్డీ ఉంది. చట్ట ప్రకారం స్కూలుకీ కాలేజీకీ వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు, 2003 నుంచీ ఉంది ఆ చట్టం. ఆ బడ్డీ గేటు నుంచి ముప్పై అడుగులుంటే ఎక్కువ. పరీక్ష రోజు కదా, వాడికి పండగ. గేటు ముందు మూడొందలమంది కుర్రాళ్లు, అందులో సగంమంది చేతుల్లో సిగరెట్లు. ఆ వాసనకి నా నోట్లో నీళ్లూరాయి, నిజంగా.

"ఒక్కటి కొట్టు బావా, ఏం కాదు" అన్నాడు.

"ఒట్టేశాను."

"సిగరెట్ మీద కదా ఒట్టు?" అని జేబులోంచి ఖైనీ డబ్బా తీశాడు. అరచేతిలో వేసి, సున్నం రాసి, బొటనవేలితో నలిపి, రెండుసార్లు చరిచి, "ఇది సిగరెట్ కాదు. అమ్మవారు కూడా ఏమనుకోదు" అన్నాడు. వకీలు కావలసినవాడు.

జీవితంలో అంతకుముందు ఖైనీ ముట్టలేదు. కింది పెదవి లోపల పెట్టుకున్నాను. రెండు నిమిషాల్లో తల తిరిగింది, చెమట పట్టింది, కడుపులో కాఫీలన్నీ కదిలాయి. ఉమ్మేసి నీళ్లు పుక్కిలించాను. అప్పుడు మొదలయ్యాయండీ ఎక్కిళ్లు.

ఖైనీ అలవాటు లేనివాడికి ఎక్కిళ్లు రావడం మామూలేనట. బావ తర్వాత తీరిగ్గా చెప్పాడు. తనిఖీలో ఎక్కిళ్లు, వేలిముద్ర దగ్గర ఎక్కిళ్లు, ఫొటో తీస్తుంటే ఎక్కిళ్లు. ఆ ఫొటో మూడుసార్లు తీశారు. లోపల ల్యాబులో అరవై మందిమి. అంతా నిశ్శబ్దం, మౌస్ క్లిక్కులు తప్ప ఇంకేం వినపడదు. ఇరవై సెకన్లకోసారి నేను. మొదటి సెక్షన్ రీజనింగ్, నలభై అయిదు ప్రశ్నలు, అరవై నిమిషాలు. ఎనిమిదిమంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు, ఎవరి ఎడమ పక్కన ఎవరు. ఆరుసార్లు చదివాను. ప్రతిసారీ నాలుగో మనిషి దగ్గరికొచ్చేసరికి ఎక్కిలి, మళ్లీ మొదటికి. పక్క సీటు అమ్మాయి చెయ్యెత్తి ఒడియాలో ఏదో ఫిర్యాదు చేసింది. ఇన్విజిలేటరు కాగితం కప్పులో నీళ్లు తెచ్చిచ్చి, "భయపడకు బాబూ" అన్నట్టు భుజం తట్టి వెళ్లాడు. ఆ పరీక్షలో ఒక సెక్షన్ టైమ్ అయిపోతే తెర దానంతట అదే తర్వాతిదానికి వెళ్లిపోతుంది, వెనక్కి రావడానికి వీల్లేదు. ఎక్కిళ్లు రెండో సెక్షన్ మధ్యలో ఆగాయి. అప్పటికి రీజనింగ్ నా చేతిలో లేదు. ఆ సెక్షన్ కటాఫ్ దగ్గరే పోయాను.

బయటికొచ్చి బావ ముందే రెండు సిగరెట్లు కాల్చాను. ఒట్టూ పోయింది, ఉద్యోగమూ పోయింది.

మధ్యలో ఒక మాట. పరీక్ష పోతే మనకి ఎందుకంత పెద్ద విషయం అవుతుందో విజయవాడ వాళ్లకీ కటక్ వాళ్లకీ అర్థం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. ఆంధ్రలో గ్రూప్ ఉద్యోగాలకి వెళ్తే నాన్ లోకల్. ఇక్కడ రాష్ట్రం ఉద్యోగాలకి ఒడియా పాసై ఉండాలి. తెలుగు మీడియంలో చదివినవాడు ముందు ఆ ఒడియా పరీక్ష కట్టుకోవాలి. మిగిలేవి రైల్వే, బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ (పదో తరగతి కాదు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష). అందుకే ఒక్కో ఆదివారం మీద ఇల్లంతా బతుకుతుంది. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ ఊళ్లో తెలుగు చదువుకున్నవాడికి ఈ గతి. సరే, ఇది మీరు అడగలేదు.

2018లో మళ్లీ మెయిన్స్ దాకా వచ్చాను. ఈసారి ఒట్లు లేవు. మానలేదు కూడా, నిజం చెప్పేస్తున్నా. చేసింది ఒకటే. అప్పట్లో పేపరు మూడున్నర గంటలే అయినా గేటు దగ్గర లైను, తనిఖీ, లోపల ఎదురుచూపు కలిపితే ఐదు గంటలు సిగరెట్ ఉండదు. మన లెక్క బెల్లు నుంచి కాదు, గేటు నుంచి. అందుకని రెండు నెలలపాటు ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఒకటి కాల్చి, ఫోను అమ్మకిచ్చి, ఒంటిగంటన్నర దాకా గదిలోంచి కదలకుండా మాక్ టెస్టు రాశాను. మొదటి రెండు వారాలు నరకం. నాలుగో వారానికి ఆ టైములో ఒళ్లు అడగడం తగ్గింది. అప్పుడు అర్థమైంది, సిగరెట్ నా టెన్షన్ తగ్గించడం లేదని. అది పెట్టిన టెన్షన్‌ని అదే కాసేపు తీసేస్తోంది. వడ్డీవ్యాపారి దగ్గరే అప్పు తీసుకుని వాడి వడ్డీ కట్టడం లాంటిది. మిత్రులు "ఒక దమ్ము కొడితే బుర్ర పనిచేస్తుంది" అంటారు చూడండి, వాళ్ల బుర్ర ఆగిపోయిందే దమ్ము వల్ల. ఇక గుడాకు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద) బ్యాచ్ గురించి మొదలుపెడితే ఈ జవాబు తెల్లారదు. పొద్దున్నే దాంతో పళ్లు తోమి, "మాకు పొగాకు అలవాటు లేదు" అంటారు.

పరీక్ష రోజు పొద్దున్న రోజూ తాగే ఒక్క కాఫీ, రోజూ కాల్చే ఒక్క సిగరెట్, అమ్మ కట్టిచ్చిన ఇడ్లీలు. కొత్తగా ఏదీ లేదు. గేటు ముందు "ఇంకోటి కొట్టేద్దాం, మళ్లీ ఎప్పుడో" అని రెండు మూడు వరసగా లాగేవాళ్లు ఉంటారు, తల తిరిగి లోపలికెళ్తారు. బావకి ఆ ఊరు వెళ్తున్నానని కూడా చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది. సిగరెట్ మానింది మాత్రం 2019లో, చేరాక, ఒక లాంగ్ లీవులో. పది రోజులు ఇంట్లో అందరినీ తిట్టాను.

మీకు పన్నెండు రోజులుంది కాబట్టి ఈ రాత్రి మానితే నాలుగో రోజుకి కష్టమైన మెట్టు దాటతారు, పరీక్షకి ఇంకా వారం ఉంటుంది. మొదటి రెండు రోజులూ చదువు సాగదు, దానికి సిద్ధపడండి. ఆ రెండు రోజులూ కరెంట్ అఫైర్స్ వీడియోలు చూసుకోండి, పజిల్స్ జోలికి వెళ్లొద్దు. కాఫీ సగం. మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే ఇస్తారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి మింగకండి, ఎక్కిళ్లు దానికీ వస్తాయి. కాస్త నమిలి, నాలుక చురుక్కుమనగానే చిగురు పక్కన దాచాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే పనిచేయదు, పావుగంట ఆగాలి. గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడిగి వాడండి. గమ్ అయినా, ఇంకేదైనా ఇప్పుడే మొదలుపెట్టండి, పరీక్ష పొద్దున్న మొదటిసారి కాదు. సిగరెట్ పెట్టె మీద 1800-11-2356 అని నంబరుంటుంది, మానాలనుకునేవాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఉచిత లైను. నేను 2019లో చేశాను. అవతలి మనిషి నా మాట ఓపిగ్గా విన్నాడు, ఇంట్లోవాళ్లకంటే నయం.

ఈ రాత్రి కుదరకపోతే వదిలేయండి. రోజూ ఎన్ని కాలుస్తున్నారో అన్నే, అదే టైముకి, పరీక్ష దాకా.

మా బావ ఖైనీ మానలేదు. పోయిన నెల వాళ్ల తమ్ముడికి ఎస్‌ఎస్‌సీ పరీక్ష అదే భువనేశ్వర్‌లో పడింది. పొద్దున్న ఐదింటికే బావకి ఫోను చేశాను. వాణ్ణి సెంటరు దగ్గర దింపి, నీళ్ల సీసా చేతికిచ్చి, బండి దిగకుండా వెళ్లిపొమ్మన్నాను. "నామీద నమ్మకం లేదా బావా" అన్నాడు. లేదన్నాను.