‘థ్రెడ్స్’ ఇప్పుడు చూడొచ్చా? షెఫీల్డ్‌లో ఉంటూ చూసినవాడిగా నా మాట

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ మీద అణుబాంబు పడితే ఏమవుతుందో చూపిస్తూ 1984లో బీబీసీ వేసిన టీవీ సినిమా ‘థ్రెడ్స్’ ఇన్నేళ్ల తర్వాత కూడా చూడదగ్గదేనా, జనం చెప్పేంత భయం ఉందా అని అడిగారు. చూడండి, తప్పకుండా. భయం మాత్రం బాంబు పడకముందే మొదలవుతుంది.

నేను ఎంఎస్సీకి షెఫీల్డ్ వచ్చి ఇక్కడే ఉద్యోగంలో ఉండిపోయాను. నాతో పనిచేసే ఒకావిడ, బళ్ళో చదువుకునే రోజుల్లో చూపించారని, మళ్ళీ చూసే ధైర్యం ఇప్పటికీ చెయ్యలేదని అంటే అప్పుడు చూశాను. కథంతా ఈ ఊళ్ళోనే. రూత్, జిమ్మీ ప్రేమించుకుంటారు, రూత్ నెల తప్పుతుంది, సరే పెళ్ళి చేసుకుందామని ఫ్లాట్ బాగుచేసుకునే పనిలో పడతారు. వెనకాల టీవీలోనో రేడియోలోనో ఇరాన్‌లో అమెరికా, సోవియట్ సేనలు ఎదురుపడ్డాయని వార్తలు వస్తూనే ఉంటాయి, తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. దాదాపు ముప్పావు గంట ఇలాగే నడుస్తుంది. ఈ భాగం సాగదీశారనేవాళ్ళున్నారు, నేనొప్పుకోను, అసలు ప్రాణమంతా అక్కడే ఉంది, మన ఇళ్ళల్లోనూ వార్తలు మోగుతూనే ఉంటాయి, మనం కూరలు తరుక్కుంటూనే ఉంటాం కదా.

మధ్యమధ్యలో తెర మీద టైపు కొట్టినట్టు అక్షరాలు పడతాయి, పడ్డ బాంబుల శక్తి ఎన్ని మెగాటన్నులు, ఎంతమంది పోయారు అని. వ్యాఖ్యాత గొంతు ఎక్కడా వణకదు. నటులు కూడా పెద్దగా తెలియని మొహాలు కావడంతో ఇదంతా నిజంగా జరిగినదాని రికార్డులా ఉంటుంది.

నేను కూరగాయలు కొనే ద మూర్ వీధిలోనే బాంబు పడే సీన్ తీశారు. దూరంగా పుట్టగొడుగు మేఘం లేస్తుంటే ఒకావిడ అటే చూస్తూ నిలబడిపోతుంది, నిలబడినచోటే బట్టల్లో మూత్రం పోతుంది. అంతే. ఏ గ్రాఫిక్సూ అంత పని చెయ్యలేవు.

జిమ్మీ అమ్మానాన్నలు ఇంటి తలుపులు ఊడదీసి, గోడకి ఏటవాలుగా ఆనించి, పరుపులు అడ్డం పెట్టుకుంటారు. ఇది రచయిత కల్పన కాదు. 1980లో బ్రిటన్ ప్రభుత్వం అచ్చువేసి అమ్మిన చిన్న పుస్తకంలో ఇచ్చిన సలహా. ఆ తలుపుల వెనక వాళ్ళ గతి ఏమైందో చూశాక ఆ పుస్తకం రాసినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక టౌన్ హాల్ కింద నేలమాళిగలో కౌన్సిల్ అధికారులు ఫోన్లు, పటాలు ముందేసుకుని తిండి ఎవరికి, ఎంత అని వాదించుకుంటూ ఉంటారు, పైన భవనం కూలిపోయి వాళ్ళకే బయటికి దారి ఉండదు.

తర్వాతి భాగం ఇంకా కష్టం. అణుయుద్ధం పొగ ఎండని కప్పేసి భూమి చల్లబడిపోవడం, అదే అణు శీతాకాలం, దాని గురించి శాస్త్రవేత్తల లెక్కలు 1983లో బయటికొచ్చాయి, మరుసటి ఏడాదే వీళ్ళు దాన్ని తెర మీద చూపించారు. పంటల్లేవు, మందుల్లేవు, ఆ తర్వాత పుట్టిన పిల్లలకి నిండుగా ఒక వాక్యం కూడా రాదు.

అంత టెన్షన్ ఒకేసారి వద్దనుకుంటే ముందు ఇలాగే బ్రిటన్ మీద అణుదాడిని చూపించే, పీటర్ వాట్కిన్స్ తీసిన ‘ద వార్ గేమ్’ చూడండి, గంట కూడా ఉండదు. 1965లో బీబీసీ కోసమే తీశారు, మరీ ఘోరంగా ఉందని బీబీసీయే ఆపేసింది. థియేటర్లలో ఆడి, డాక్యుమెంటరీగా ఆస్కార్ తెచ్చుకుంది, అయినా 1985 దాకా టీవీలో వెయ్యలేదు.

‘థ్రెడ్స్’ మాత్రం పిల్లల ముందు పెట్టకండి, రాత్రి ఒక్కరే కూర్చుని చూడకండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే అసలు వద్దు, ఆఖరి సీన్ ఒక కాన్పు.