మచ్చ వేరు, గుంట వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 19 ఏళ్లు. ఖమ్మంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచి మొటిమలున్నాయి. హాస్టల్లో స్నేహితురాలు ఒక ట్యూబ్ ఇస్తే రాసుకున్నాను. పది రోజులకే ముఖం అద్దంలా మెరిసింది. అప్పట్నుంచి మెడికల్ షాపులో అదే కొనుక్కుని నాలుగు నెలలు వాడాను. ఇప్పుడు ఒక్క రోజు మానేసినా ముఖం ఎర్రబడి మండుతోంది. మొటిమలు మునుపటికన్నా ఎక్కువయ్యాయి. బుగ్గల మీద నల్ల మచ్చలు, కొన్ని గుంటలు పడ్డాయి. రెండు నెలల్లో అక్క పెళ్లి. ఈలోగా లేజర్ చేయించుకుంటే పోతాయా? అమ్మేమో ‘పెళ్లయితే అవే తగ్గుతాయిలే’ అంటోంది.

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూబ్ వచ్చిన డబ్బా తీసి చదువు. చిన్న అక్షరాల్లో మందుల పేర్లుంటాయి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్... వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టెరాయిడ్. పక్కనే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా ఉంటే, అది మంగు మచ్చలకు మేము కొన్ని వారాల పాటు మాత్రమే, కళ్ల ముందు ఉంచుకుని వాడించే మందు. నువ్వు నాలుగు నెలలు రాశావు. నువ్వు రాసిన లక్షణాలన్నీ దానివే అనిపిస్తోంది.

మొదట్లో మెరిసిందన్నావు కదా, అదే అసలు మోసం. స్టెరాయిడ్ ఎరుపునూ వాపునూ అణిచేస్తుంది, మిగతా రెండూ చర్మాన్ని తెల్లగా చూపిస్తాయి. లోపల మాత్రం చర్మం పలచబడుతూ ఉంటుంది. సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి, కొందరికి చెంపల మీద వెంట్రుకలు కూడా పెరుగుతాయి. ఆపితే మంట, రాస్తే మొటిమలు. వారంలో ఒక పిల్లయినా ఈ ముఖంతో నా గదిలోకి వస్తుంది. చీటీ లేకుండా ఆ ట్యూబ్ చేతిలో పెట్టినవాళ్ల మీద నాకు ప్రతిసారీ కోపం వస్తుంది.

ఈ వారంలోనే చర్మ వైద్యుల్ని కలువు, ట్యూబ్ కూడా పట్టుకెళ్లు. ఎలా మానాలో, మంటకు ఏం వాడాలో నీ ముఖం చూసి చెప్పాల్సిన విషయం. అప్పటిదాకా ముఖానికి మూడే మూడు: రోజుకు రెండుసార్లు ఘాటులేని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు ఎస్పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్ జోలికి పోకు. పలచబడిన చర్మం మీద నిమ్మరసం రాస్తే కాలుతుంది, కాలిన చోట మళ్లీ నలుపే.

ఇక మచ్చల సంగతి. రేపు ఉదయం కిటికీ దగ్గర, వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడి చేతి అద్దంలో చూసుకో. చర్మం సమంగా ఉండి రంగు మాత్రమే మారితే అది మచ్చ, గుంట కాదు. మొటిమ మానిన చోట మన చామనఛాయ చర్మం వదిలే రంగు అది. ఎండ తగలకుండా చూసుకుంటే నెలల్లో దానంతటదే వెలిసిపోతుంది. వేలు ఆనిస్తే చిన్న పల్లం తగిలిందంటే అది గుంట. అక్కడ లోపలి చర్మం కొంత కరిగిపోయింది, క్రీముతో పూడదు. రెండు వేళ్లతో చర్మాన్ని కాస్త సాగదీసి చూడు. గుంట మాయమైతే అది లోతు తక్కువది. సూదితో పొడిచినట్టు అలాగే ఉంటే లోతైనది. రెండింటికీ వైద్యం వేరు.

నా ఎడమ బుగ్గ మీద ఈ రెండో రకంవి రెండున్నాయి. మెడిసిన్ మొదటి సంవత్సరం పరీక్షల ముందు, హాస్టల్ బాత్రూం అద్దం దగ్గర నిలబడి పిన్నీసుతో పొడిచి నొక్కాను. మొటిమ అంటే చర్మరంధ్రం మూసుకుపోయి, లోపల నూనె పేరుకుని, అందులో బ్యాక్టీరియా పెరిగి వాచిన చోటు. పైనుంచి నొక్కితే చీము కొంత బయటికొస్తుంది, కొంత పక్కకి, లోతుకి చిమ్ముతుంది. వాపు ఎంత లోతుకెళ్లి ఎన్ని రోజులుంటే గుంట పడే అవకాశం అంత పెరుగుతుంది. అందుకే గుంటలకు వైద్యం కంటే ముందు మొటిమలకు వైద్యం అంటాను. నొక్కకు. ఈ ఒక్క మాట నా కోసం విను.

చర్మం శాంతించాక డాక్టర్ గారు బహుశా రాత్రిపూట అడాపలీన్ అనే మొటిమల పూత మందు మొదలుపెడతారు. ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు, మొటిమ మీద చుక్కలు పెట్టడం కాదు. మొదట్లో పొట్టు లేస్తుంది, రోజు విడిచి రోజు రాస్తే సర్దుకుంటుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే ఇంకో పూత మందు ఇస్తే పాత దిండు గలీబు వేసుకో, రంగు బట్టలు తగిలిన చోట తెల్లబడతాయి. తేడా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో ‘పనిచేయట్లేదు’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ. గడ్డల్లాంటి మొటిమలైతే ఐసోట్రెటినాయిన్ మాత్రలు మంచి మందు. కానీ అవి వాడుతుండగా, ఆపాక నెల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. మీ ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి కాబట్టి ఇది అమ్మక్కూడా చదివి వినిపించు.

పెళ్లితో మొటిమలు తగ్గవమ్మా. వయసుతో కొందరికి తగ్గుతాయి, ఈలోగా పడిన గుంటలు మిగిలిపోతాయి. నెలసరి సరిగా రాకపోయినా, గడ్డం మీద గట్టి వెంట్రుకలు వస్తున్నా పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) పరీక్షలు చేయించుకోవాలి. అదీ అమ్మకు చెప్పు.

లేజర్ రెండు నెలల్లో కుదరదు. మంట, మొటిమలు ఉన్న ముఖం మీద చేస్తే ఉన్నవి చాలక కొత్త నలుపు వస్తుంది. కొత్త మొటిమలు కొన్ని నెలలు రాకుండా ఆగాక సూదుల రోలర్ లాంటి మైక్రోనీడిలింగ్, సన్నటి లోతు గుంటల్లో యాసిడ్ చుక్క పెట్టడం, లోపల అతుక్కున్న పోగుల్ని సూదితో విడదీయడం... వీటిలో నీకు సరిపడేవి చేస్తారు. నెల, నెలన్నర ఎడంతో నాలుగైదు సార్లు పట్టవచ్చు. లోతు తగ్గుతుంది. కానీ పూర్తిగా చదునవుతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకు. అక్క పెళ్లిలో మేకప్ వేసుకో, తప్పేం లేదు, పడుకునే ముందు కడుక్కుంటే చాలు.

ప్రశ్న: మా అబ్బాయి టెన్త్. నుదుటి నిండా చిన్న చిన్న మొటిమలు. వేడి చేసిందని గుడ్డు, మామిడిపండు మాన్పించాం. సరైనదేనా? - ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: గుడ్డు పెట్టండమ్మా, ఎదిగే పిల్లాడు. మామిడి ముక్కలూ తిననివ్వండి. కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు తగ్గిస్తే కొందరికి మేలు చేస్తుంది. జిమ్‌కి వెళ్లి వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి) తాగుతున్నాడేమో అడగండి, దాంతో కొందరికి మొటిమలు పెరుగుతాయి. మొటిమలు నుదుటి మీదే ఉన్నాయంటున్నారు కాబట్టి ముందు తలనూనె చూడండి. పొద్దున నూనె పెట్టి దువ్వితే చెమటతో అది నుదుటి మీదికి జారుతుంది. నూనె పెట్టాలనుకుంటే తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేయమనండి. నెల రోజులు ఇలా చేసి చూసి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. ఈ వయసులో చిన్నగా ఉండగానే చూపిస్తే గుంటలు పడకుండా ఆపగలం.