పురిటిగది కథ రాస్తున్న అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ,

ఆశీస్సులు. కథ చదివాను. మాటలు చక్కగా కుదిరాయి. అయితే పదకొండో రోజున, పురుడు వెళ్ళాక, పసిబిడ్డకు కాలేయానికి సోకే హెపటైటిస్-బి వైరస్‌ను ఆపే టీకా వేయించి అంతా సుఖాంతం చేశావు. అది నాకు మింగుడుపడలేదు. ఆ టీకా పుట్టిన 24 గంటల్లోపు పడాలి. ఆలస్యమైనా వేయించాల్సిందే, కానీ కాన్పులో తల్లి నుంచి అంటుకునేదాన్ని ఆపే బలం ఆ మొదటి రోజుదే. ఈ వైరస్ పెద్దవాళ్ళకి సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా ఒంట్లోంచి పోతుంది. పురిట్లో సోకితే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. బిడ్డ కళ్ళు పచ్చబడవు, పాలు మానడు, బొద్దుగా పెరుగుతాడు. ఏ ముప్ఫై, నలభై ఏళ్ళకో కాలేయం గట్టిపడుతుంది, లేదా కేన్సర్ వస్తుంది. కథకురాలిగా నువ్వు పట్టుకోవాల్సింది ఈ కనపడనితనాన్నే.

ఇక ఆ అమ్మమ్మ. ఆమెను మూర్ఖురాలిని చేశావు, అన్యాయం. "మీకెవరికి వేయించాను? గుండ్రాళ్ళలా లేరూ?" అంటుందామె. నిజమే కదా! ఆమె కనే రోజుల్లో ఈ టీకా మామూలు ఇళ్ళకి అందేది కాదు. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్ 1997లో మన దేశంలోనే తయారుచేసి ధర దించింది. ప్రభుత్వ టీకాల్లో దేశమంతటా చేరింది 2011లో. ఇంకో మాట, బాలింత అయిన కూతురికి ఉన్న ఆ వైరస్ ఒకప్పుడు ఈ అమ్మమ్మ నుంచే వచ్చి ఉండొచ్చు, ఇద్దరికీ తెలియకుండానే. అది తెలిసిన క్షణం ఆమె ముఖం ఎలా ఉంటుందో రాయి. ఎవరినీ దోషిగా నిలబెట్టకు. ఈ జబ్బు పేరు చెప్పగానే కోడలి నడతను శంకించే అత్తవారిళ్ళు ఇంకా ఉన్నాయి.

నర్సు ఉపన్యాసం తీసెయ్. ఆమె చేతులు చూపించు చాలు. తొడ బయటివైపు దూదితో తుడిచి అర మిల్లీలీటరు సూది, కార్డులో తేదీ. తల్లికి వైరస్ ఉందని గర్భంతో ఉన్నప్పటి రక్తపరీక్షలోనే తేలితే, వీలైతే పన్నెండు గంటల్లోపు, రెండో తొడకి ఇమ్యూనోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా. తల్లిపాలు మాన్పించేశావు, అది కొట్టెయ్. టీకా పడ్డాక నిశ్చింతగా పట్టొచ్చు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావలెంట్ టీకాతో మళ్ళీ ఇదే మందు పడుతుంది. కథలో చోటుంటే చెప్పు, లేకపోతే వద్దు.

జనరల్ ఆసుపత్రిలో అడిగి, అనుమతిస్తే కాన్పుల వార్డులో ఓ పూట కూర్చో. తిరగరాశాక నాకన్నా ముందు ఒక పిల్లల డాక్టరుకి చూపించు.

ఇట్లు,
మీ మాస్టారు