శని, ఆదివారాల్లో పల్లెల వైపు వెళ్లి పక్షులు, జంతువుల ఫొటోలు తీయాలనుంది. ఏ లెన్స్ కొనమంటారు?

లెన్స్ సంగతి చివర్లో చెబుతాను. ఈ పనిలో దాని వాటా అందరూ అనుకునేంత ఏమీ లేదు. ముందు తెల్లవారుజామున మూడింటికి లేవగలగాలి. ఆ తర్వాత, వెళ్లే ఊళ్లో తెలిసిన మనిషి ఒకరుండాలి. ఆ మనిషి రైతో, గొర్లకాపరో అయితే ఇక తిరుగులేదు.

నేనుండేది హైదరాబాద్‌లో. ఇక్కడ కెమెరా కొన్న ప్రతివాడూ మొదటి శనివారమే పులి కోసం బయలుదేరతాడు. సఫారీ బండెక్కి 'పులి ఎప్పుడొస్తుంది, పులి ఎప్పుడొస్తుంది' అని డ్రైవర్ ప్రాణం తోడేస్తాడు. పక్కనే సాంబార్ దుప్పి నిలబడి చూస్తున్నా దాని వంక తిరగడు. పులి కనబడదు. కెమెరా అల్మారాలోకి పోతుంది, కొన్నాళ్లకు 'తక్కువ వాడినది' అని అమ్మకానికి వస్తుంది. పులి దొరకడం లాటరీ. పని నేర్పేది మాత్రం ఊరి చెరువు, మెట్టచేలు. కరెంటు తీగ మీద పాలపిట్ట, చెరువు గట్టున లకుముకి, వానాకాలంలో బావి మీదికి వంగిన కొమ్మకు గిజిగాడి గూళ్లు. వీటిని సరిగ్గా తీయడానికే ఏళ్లు పడుతుంది.

జంతువులే కావాలంటే నారాయణపేట జిల్లాకు వెళ్లండి. మక్తల్ దాటాక మాగనూరు, కృష్ణ మండలాల వైపు, నది ఒడ్డు చేలల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. ఒక చలికాలం నేనూ మా ఆఫీసు మిత్రుడూ వెళ్లాం. తెల్లారేసరికి అక్కడున్నాం. శనగ చేలో మంద కనిపించగానే మావాడు కారు డోరు తీసి, చేతిలో ఆ పెద్ద లెన్స్‌తో నడుం వంచి నడవడం మొదలెట్టాడు. ఒక ఆడ జింక తలెత్తింది. అంతే, నాలుగు కాళ్ల మీదా గాల్లోకి ఎగిరింది, దాని వెనకాలే మంద మొత్తం. కారుకు అవి పెద్దగా బెదరవు. కారు దిగిన మనిషిని చూస్తే మాత్రం ఆగవు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం పని వచ్చినట్టే.

అట్లా వెంటపడి పొద్దెక్కించుకున్నాం. నల్లరేగడి నేల కాస్త ఎండ తగిలితే చాలు, సెగలు కక్కుతుంది. ఆ వేడి గాలి కదులుతుంటే దూరాన ఉన్న జింక అంచులన్నీ అలలు అలలుగా వస్తాయి. ఎన్ని లక్షలు పోసి కొన్న లెన్స్ అయినా మధ్యలో ఉన్న ఆ గాలిని దాటి చూడలేదు. ఇది షాపువాడు ఎవరికీ చెప్పడు.

అప్పుడు ఎడ్లబండి మీద ఒక పెద్దాయన వచ్చాడు. "ఏం సారూ, జింకలకొచ్చిండ్రా? గట్ల నడుసుకుంట పోతె ఆగుతయా? బండెక్కుండ్రి" అన్నాడు. ఎక్కాం. బండి నేరుగా మంద మీదికి తోలలేదాయన. చేను గట్టు వెంబడి, అటెక్కడికో పోతున్నట్టు ఏటవాలుగా పోనిచ్చాడు. జింకలు తలెత్తి చూశాయి, మళ్లీ మేతలో పడ్డాయి. బండి, ఎడ్లు, తలపాగా వాటికి రోజూ కనిపించేవే. పాత రోజుల్లో రాజులు, నవాబులు వేటకు పెంచిన చీతాలను జింకల దగ్గరికి ఎడ్లబండ్ల మీదే తీసుకుపోయేవాళ్లు. అలా ఎందుకు తీసుకుపోయేవాళ్లో ఆ రోజు కళ్లారా చూశాను.

పోతు జింక మా లెన్సులకు ఇమడనంత దగ్గర్లో ఉంది. వీపు నల్లగా నిగనిగలాడుతోంది, కంటి చుట్టూ తెల్లటి వలయం, కొమ్ములు మెలికలు తిరిగి పైకి పోయాయి. కంటి కింద ఒక చీలిక ఉంటుంది, అది వాసన గ్రంథి. గట్టు మీది కంది కట్టె మొదలుకు ఆ చీలికను ఆనించి మెల్లగా రుద్దింది. 'ఈ జాగా నాది' అని రాసుకోవడం అన్నమాట. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. చూసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఇది ఏఐతో చేసిందా?' అని. ఏం చెప్పాలి వీళ్లకు!

పెద్దాయన మాత్రం జింక వైపు చూడట్లేదు. బండి దిగి, కొసలు కొరికేసిన శనగ మొక్కలు చూపించాడు. "అది సక్కగనే ఉంటది సారూ. ఇగో, గివి గూడ తియ్యిండ్రి. దరఖాస్తుకు వెట్టాలె." తీశాను. గట్ల పొడవునా పాత చీరలు కట్టి ఉన్నాయి, మూలన మంచె. రాత్రుళ్లు దాని మీద కూర్చుని డబ్బా మోగిస్తాడట. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది, దాన్ని ముట్టుకుంటే జైలు. ఉండాల్సిందే, కాదనను. కానీ దాని మేత ఖర్చు భరిస్తున్నది ఆ ముసలాయన. మనం లైకులు తీసుకుంటాం. అందుకే అంటాను, ఏ చేలో ఫొటో తీశారో ఆ రైతుకు ప్రింటు ఇవ్వండి, పంట నష్టం ఫొటోలు అడిగితే ఆ సాయంత్రమే పంపండి. అడవి అందాల గురించి పేజీలు పేజీలు రాసేవాళ్లలో ఈ పని చేసేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఇంకో రకం ఉన్నారు. ఫోనుకు స్పీకర్ తగిలించి పక్షి కూత పెడతారు. పాపం ఆ పిట్ట, తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందని గుడ్లు వదిలేసి పరిగెత్తుకొస్తుంది. వెలుతురు చాలట్లేదని గూటి ముందు కొమ్మలు విరిచేవాళ్లు మరీ దారుణం. గుడ్లగూబ పిల్లలు ఫలానా చెట్టు తొర్రలో ఉన్నాయని మ్యాపు గుర్తుతో సహా పెడితే మర్నాటికి అక్కడ తిరనాళ్లే. దసరాకు పాలపిట్టను చూడాలని, రెక్కలు కట్టేసి పంజరంలో తెచ్చినవాడికి డబ్బులిచ్చేవాళ్లూ మనవాళ్లే. తెలంగాణ రాష్ట్ర పక్షి అది! ఊరి బయటికి కాస్త నడిస్తే తీగ మీద ఊరికే కనిపిస్తుంది.

మొదటిసారే చేతికి ఫొటో దొరకాలంటే, గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లండి. చలికాలంలో ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా ఉంటాయి. గట్టున నిలబడితే మామూలు జూమ్‌కే అందుతాయి.

ఇక లెన్స్. 300 ఎంఎం దాకా వెళ్లే జూమ్ ఇప్పటికే ఉంటే ఏడాది దానితోనే గడపండి. చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) కెమెరాలో అది, పెద్ద సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్) కెమెరాకు 450 ఎంఎం లెన్స్ పెట్టినంత దగ్గరగా చూపిస్తుంది. తర్వాత సిగ్మా, టామ్రాన్ కంపెనీల 150-600 ఎంఎం జూమ్ చూడొచ్చు. రెండు కిలోలకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి కొనేముందు ఒక శని, ఆదివారం అద్దెకు తెచ్చుకుని భుజం ఏమంటుందో చూసుకోండి. ట్రైపాడ్ అక్కర్లేదు. గుడ్డ సంచిలో రెండు కిలోల బియ్యం పోసి కుట్టి, కారు కిటికీ మీద పెట్టి లెన్స్ దాని మీద ఆనించండి. పరిగెత్తేవాటికి, ఎగిరేవాటికి షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు పెట్టండి, ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే సెట్టింగు) పెరిగితే పెరగనివ్వండి. ఇంజిన్ ఆపేయండి, లేకపోతే ఆ వణుకంతా ఫొటోలోకి వస్తుంది. వాన పడిన వారం మాత్రం నల్లరేగడిలోకి కారు దించకండి, ట్రాక్టర్ పెట్టి లాగినా ఒక్కోసారి బయటికి రాదు.